మోటారు బండికి ఏ చమురు?



మోటారు కారు నేడు సంపన్నుల వాకిట మాత్రమే నిలుచు వస్తువు కాదు. నల్లమల యడవి నడుమ, శ్రీశైలపు ఆనకట్టకు చేరువనున్న మా సున్నిపెంటలో గూడ ఎన్నియో కార్లు కనబడును. 1963లో ఆనకట్టకు శంకుస్థాపన జరిగిన పిమ్మట, ఆ పనివారికై వెలసిన ఊరిది. ఆనకట్ట పూర్తియై, పనివారిలో పెక్కురు వెడలిపోయిరి. మిగిలినవారిలో కొందరు అద్దెకార్లు నడుపుకొని బ్రదుకుచున్నారు. యాత్రికులను దోర్నాలకును, మన్ననూరు మీదుగా హైదరాబాదునకును చేర్చుటయే వారి వృత్తి. ఎటు పోయినను ఎక్కుడును దిగుడును, మలుపు వెంబడి మలుపును గల యడవిదారియే. అట్టి దారిలో ఇంజను మొరాయించిన, అది విలాసమునకు గలిగిన భంగము కాదు, ఆనాటి కూటికి గలిగిన భంగము.

నేను తెలుగు పండితుడను. ముప్పదియేండ్లకు పైగా బడిలో వ్యాకరణమును, కావ్యములను చెప్పినవాడను. ఇంజనుతో నీకేమి పని యని మీరడుగవచ్చును. ఉద్యోగ విరమణ చేసిన పిదప నేనొక పాత కారును కొంటిని. కారుతోపాటు దాని పుస్తకమును వచ్చినది. పుస్తకము కంటబడిన చదువక విడువలేకపోవుట నా వృత్తి నాకు నేర్పిన యలవాటు. అది చదివితినని తెలిసినంతనే, కార్లు నడుపు నా పూర్వశిష్యులు నన్నొక ప్రశ్న యడుగ మొదలిడిరి: “అయ్యవారూ, ఇంజనుకు సింథటిక్ ఆయిలు పోయించవలెనా, మామూలుది చాలునా?” ఈ ప్రశ్నయే నేటి ప్రసంగమునకు విషయము.

సంస్కృతమున స్నేహ శబ్దమునకు చెలిమి యనియు, నూనె యనియు రెండర్థములు గలవు. తార్కికులు స్నేహమును ఇరువదినాలుగు గుణములలో నొకటిగా లెక్కించిరి. రెండు గట్టి వస్తువులు ఒకదాని నొకటి ఒరసికొని అరిగిపోకుండ నడుమ నిలుచునది స్నేహమే. ఈ సంగతి మన రైతునకు తర్కము చదువకయే తెలియును. ఎద్దుబండి ఇరుసునకు వరిగడ్డి కాల్చిన మసిలో ఆముదము కలిపి కందెన పూసెడివాడు. కందెన లేని బండి అల్లంత దూరమునుండియే కీచుమని తన దారిద్ర్యమును చాటుకొనును. ఇంజను చమురు ఆ కందెనకు మనుమడు.

ఇది పోలికకై చెప్పిన మాట మాత్రమే కాదు. 1899లో లండను నగరమున వేక్‌ఫీల్డు అను నాతడు స్థాపించిన సంస్థ, 1909లో క్యాస్ట్రాల్ అను పేర నొక చమురును వెలువరించినది. ఆ పేరునకు మూలము ఆముదమునకు ఆంగ్లమున గల పేరే. ఆ చమురులో ఆముదము కలిపెడివారు. మొదటి ప్రపంచ సంగ్రామములోని విమానములలో పెక్కింటి ఇంజనులు ఆముదముతోడనే నడచినవి. ఆముదము పెట్రోలులో సులభముగా కరగదు. వేడిమికి తన జిడ్డును తొందరగా విడువదు. కాని కొంతకాలమునకు బంకగట్టి ఇంజనులో పేరుకొనును. ఆ లోపము వలననే కారులలో దాని స్థానమును భూమినుండి తీసిన నూనె ఆక్రమించినది.

ఇంజనులో చమురు చేయు పనులు ఐదు. లోపలి ఇరుసు నిమిషమునకు రెండువేలు, మూడువేలు మారులు తిరుగుచుండగా, ఇనుము ఇనుమును తాకకుండ నడుమ పలుచని పొరయై నిలుచుట మొదటిది. నీరు చేరలేని చోట్లనుండి వేడిని మోసికొనివచ్చుట రెండవది. మసిని, మడ్డిని తనలో నిలుపుకొని ఫిల్టరునకు చేర్చుట మూడవది. పిస్టనునకును గోడకును నడుమ సందును మూయుట నాలుగవది. తుప్పు పట్టనీయకుండుట ఐదవది. ఈ యైదింటిని ఏ మేరకు, ఎంతకాలము నిర్వహించునో చూచియే చమురు మంచిచెడ్డలు నిర్ణయింపవలెను గాని, డబ్బా రంగును జూచి కాదు.

ఇక సహజమేది, కృత్రిమమేది? మామూలు చమురనగా అంగడివారు మినరల్ అని పిలుచు ఖనిజ తైలము. ముడి చమురును శుద్ధికర్మాగారమున మరగించి, పెట్రోలు, కిరసనాయిలు, డీసెలు వేరుచేసిన పిమ్మట మిగిలిన బరువైన భాగమును మరల వడపోసి, మైనమును తొలగించి, మూలతైలమును తీయుదురు. మనకు పొరుగున చెన్నైచెంత మణలిలో 1969లో పని మొదలిడిన కర్మాగారమున ఇట్టి మూలతైలములు తయారగుచున్నవి. దీనిలో చిన్నవియు పెద్దవియు నగు అణువులు, కొంత గంధకము, కొంత మైనము కలగాపులగముగా నుండును. మనము బియ్యమును ఎంత చెరిగినను నూకయో, మట్టిగడ్డయో మిగులునట్లే.

సింథటిక్ తైలమున్ననో, చిన్న అణువులను గ్రహించి రసాయనవిధానమున ఒకే తీరుగా పేర్చి నిర్మించినది. అణువులన్నియు ఒకే కొలతగలవి యగుటచే వేడికి తొందరగా చెడదు, చలికి తొందరగా గడ్డకట్టదు. 1929లోనే అమెరికా రసాయనవేత్తలు ఇట్టి తైలములను చేసి చూచిరి. రెండవ ప్రపంచ సంగ్రామమున జర్మనులు చలిప్రదేశములలో నడుచు యంత్రములకై వీనిపై మిక్కిలి కృషి చేసిరి. అటుపిమ్మట జెట్ విమానములకు అవి యనివార్యములైనవి. సామాన్యుల కారులకు అమెరికాలో అంగళ్ళయందు దొరకుట 1970ల దశకమునుండి.

ఇచ్చట నొక శబ్దచర్చ చేయక తప్పదు. పండితునకు అది సహజమే గదా! మూలతైలములను ఐదు వర్గములుగా విభజించియున్నారు. మొదటి రెండును ఖనిజ తైలములు. నాలుగవది పూర్తిగా నిర్మించిన తైలము. ఐదవది ఎస్టరులు మొదలగునవి. మూడవదియే వివాదమునకు మూలము. అది ముడి చమురునుండియే పుట్టినది. కాని హైడ్రోజను వాయువుతో మిక్కిలి ఒత్తిడిలో ఉడికించి, అణువులను విరిచి తిరిగి కూర్చి, దాదాపు నాలుగవ వర్గమునకు సాటి చేసినది. దీనిని సింథటిక్ అనవచ్చునా యని అమెరికాలో రెండు పెద్ద సంస్థలకు తగవు వచ్చెను. 1999లో ప్రకటనలను విచారించు అచ్చటి సంస్థ, అనవచ్చుననియే తీర్పు చెప్పెను. జర్మనీలో మాత్రము ‘పూర్తి సింథటిక్’ అను మాటను నాలుగు, ఐదు వర్గములకే వాడుదురు. కావున డబ్బామీది ఆ మాట యోగార్థమును విడిచి రూఢ్యర్థమున నిలిచినదని మనము గ్రహింపవలెను. సెమీ సింథటిక్ అను మాట మరింత సడలినది. దానిలో ఏది ఎన్ని పాళ్ళో డబ్బామీద సాధారణముగా వ్రాయరు.

అట్లని మూడవ వర్గపు నూనె చెడ్డది యనుకొనరాదు. చమురు యోగ్యత మూలతైలము నొక్కదానినే ఆశ్రయించి యుండదు. నూటికి పది మొదలు ఇరువదియైదు పాళ్ళవరకు కలుపు మందులు గలవు: మడ్డిని కడుగునవి, మసిని విడిగా తేల్చియుంచునవి, అరుగుదలను ఆపునవి. కూర రుచి ఒక్క కాయను బట్టియే యుండదు. పోపును బట్టియు నుండును.

అట్లైన డబ్బాను చదువుట యెట్లు? దానిమీద 15డబ్ల్యు-40, 5డబ్ల్యు-30 అను సంకేతములుండును. 1905లో ఏర్పడిన అమెరికా మోటారు ఇంజనీర్ల సంఘము 1911నుండి చమురు చిక్కదనమును వర్గీకరించుచు వచ్చినది. డబ్ల్యు అను నక్షరమునకు చలికాలమని యర్థము. దాని ముందు అంకె ఎంత తక్కువయైన, చమురు అంత చలిలోను పారును. 15 అను చమురును సున్నకు దిగువ 20 డిగ్రీలలోను, 5 అను దానిని సున్నకు దిగువ 30 డిగ్రీలలోను పరీక్షింతురు. వెనుకటి అంకె కాగిన ఇంజనులో చమురు ఎంత చిక్కగా నిలుచునో తెలుపును. 100 డిగ్రీల వేడిలో 30 అను చమురు చిక్కదనము 9.3 మొదలు 12.5 సెంటీస్టోకుల లోపునను, 40 అను దానిది 12.5 మొదలు 16.3 లోపునను ఉండవలెను. మన కుండలోని నీటి చిక్కదనము సుమారు ఒక సెంటీస్టోకు.

ఇప్పుడు ఆలోచింపుడు. మన తెలుగుదేశమున చలికి పేరుగన్న లంబసింగిలో గూడ పాదరసము సున్నకు చేరువగా వచ్చుటయే గొప్ప. సున్నకు దిగువ 30 డిగ్రీల పరీక్ష మన కొరకు ఏర్పడినది కాదు. సింథటిక్ తైలమునకు గల గొప్పలలో ఒక సగము చలిదేశములకు చెందినది. కాని రెండవ సగము వేడికి నిలుచుట. వేసవిలో 40 డిగ్రీలు దాటు మన ఎండలో, ఐదుగురు మనుషులు, నెత్తిన మూటలు, రెండవ గేరులో కనుమ నెక్కు బండికి ఆ రెండవ సగము పనికివచ్చును. టర్బో అమర్చిన బండికి ఇంకను పనికివచ్చును. టర్బోలోని చిన్నచక్రము నిమిషమునకు లక్షకు పైబడి తిరుగును. కనుమ నెక్కి వెంటనే ఇంజనును ఆపివేసిన, అచ్చట నిలిచిన చమురు ఉడికి బొగ్గగును. సింథటిక్ ఆ యాపదను తగ్గించును. ఒక నిమిషము ఇంజనును ఊరక తిరుగనిచ్చి పిదప ఆపుటయు తగ్గించును. ఈ రెండవ యుపాయమునకు వెల లేదు.

అంకెల ప్రక్కనే రెండక్షరముల బిరుదుండును. పెట్రోలు బండ్లకు ఎస్ తో మొదలగు బిరుదు, 2010లో ఎస్.ఎన్., 2020లో ఎస్.పి. వచ్చినవి. డీసెలుకు సి తో మొదలగును; 2002లో సి.ఐ.-4, 2016లో సి.కె.-4 వచ్చినవి. ఇదిగాక 2020 ఏప్రిల్ 1నుండి మన దేశమున భారత్ ఆరవ స్థాయి నియమము అమలులోనికి వచ్చినది. ఆ డీసెలు కారుల పొగగొట్టమున మసిని పట్టు జల్లెడ గలదు. చమురులోని మందులు కాలి మిగులు బూడిద ఆ జల్లెడను పూడ్చును. కావున అట్టి బండ్లకు బూడిద తక్కువగల చమురే పోయుడని పుస్తకము ప్రత్యేకముగా విధించును. అచ్చట సింథటిక్ కావలెనా వలదా యను వికల్పమే లేదు. పుస్తకము విధించినట్లే నడువవలెను.

2017లో అమెరికాలోని మోటారుదారుల సంఘము రెండు విధముల చమురులను పరీక్షించి, సింథటిక్ సగటున నూటికి 47 పాళ్ళు మెరుగని ప్రకటించినది. ఆ మాట నిజమే కావచ్చును. కాని ప్రయోగశాలలో శ్రేష్ఠమగుట వేరు, నా బండికి ఆవశ్యకమగుట వేరు. పట్టుపంచె నూలుపంచెకంటె మేలైనదే. పొలము దున్నుటకు పట్టుపంచె కట్టుదురా?

ఒక లెక్క చెప్పెదను. వెలలు ఊరూరికిని మారును గనుక, ఖనిజ తైలము లీటరు 400 రూపాయలు, సింథటిక్ 800 రూపాయలు ననుకొందము. నా పాత పెట్రోలు కారునకు మూడు లీటరులు పట్టును. ఫిల్టరునకు, కూలికి 500 అనుకొన్న, ఖనిజ తైలమునకు 1,700, సింథటిక్‌నకు 2,900 రూపాయలగును. నేను నడుపునది ఏటికి మూడువేల కిలోమీటరులు. దూరము తక్కువయైనను ఏటికొకమారు మార్చుమని పుస్తకమే చెప్పుచున్నది. పుస్తకమున 20డబ్ల్యు-40 ఖనిజ తైలమునకు అనుమతి కలదు. కావున సింథటిక్ పోసిన, ఏటికి 1,200 రూపాయలు అధికముగా వ్యయించి నేను పొందు లాభము లేదు.

నా పూర్వశిష్యుడొకని సంగతి వేరు. అతడు అప్పుచేసి కొన్న డీసెలు కారును, టర్బో గలదానిని, ఏటికి 40,000 కిలోమీటరులు త్రిప్పును. నెలనెలా వాయిదా, కళాశాలలో చేరనున్న కూతురు. సింథటిక్ పోసిన 20,000 కిలోమీటరులవరకు మూత విప్పనక్కరలేదని ఒక యంగడిలో అతనికి చెప్పిరట. నేనతని పుస్తకమును తెప్పించి, అతనిచేతనే చదివించితిని. ఖనిజ తైలమునకు 5,000, ఫలానా బిరుదుగల సింథటిక్‌నకు 10,000 అని వేర్వేరు గడువులు వ్రాసి యున్నవి. 20,000 అను మాట ఎందునను లేదు. ఆ బండికి ఐదు లీటరులు. ఫిల్టరు, కూలి 600. ఖనిజ తైలమైన మారునకు 2,600 చొప్పున ఏటికి ఎనిమిది మారులు: 20,800. సింథటిక్ 4,600 చొప్పున నాలుగు మారులు: 18,400. వెల రెట్టింపయ్యు, ఏడాదికి 2,400 రూపాయలు మిగులుచున్నవి. పైగా పని మాని బండిని నిలుపు దినములు నాలుగు తగ్గుచున్నవి.

“అంగడివారు చెప్పినట్లు రెండే మారులు మార్చిన 9,200తో పోవును గదా, అయ్యవారూ! కూతురు రుసుములో కొంత తీరును” అనెను. నేనిట్లంటిని: “నాయనా, తైలము చెడకపోవచ్చును, దానిలో చేరు మసి ఎచ్చటికి పోవును? గుడ్డ మేలైనదైనంతమాత్రమున ఉతుకక కట్టుదుమా? ఇంజను విప్పి కట్టించవలసివచ్చిన, ఆ 9,200కు ఎన్ని రెట్లగునో నీకే తెలియును. అన్నాళ్ళు బండి కదలదు. వాయిదా మాత్రము కదలి వచ్చును.” అతడు కొంతసేపు మౌనముగా కూర్చుండి, పుస్తకము చెప్పిన 10,000కే కట్టుబడెను.

ప్రమాణములలో ఆప్తవాక్యమొకటి, ప్రత్యక్షమొకటి. చమురు విషయమున ఆప్తవాక్యము బండి పుస్తకము. ప్రత్యక్షము కొలతపుల్ల. కొన్నియేండ్ల క్రిందట ఒక కారు దోర్నాల కనుమలో సాయంకాలపువేళ నిలిచిపోయినదని మా యూర చెప్పుకొనిరి. అందు పోసినది మిక్కిలి వెలగల సింథటిక్. కాని అడుగున బిరడా కారి, చమురు కొంచెము కొంచెముగా పోయినది. పుల్లను తీసి చూచినవారు లేరు. ఎఱ్ఱదీపము వెలిగినను, ఇంకొక మలుపు, ఇంకొక మలుపు అని నడిపిరట. ఆ యడవి పులుల రక్షణకై యేర్పడినది. రాత్రివేళ దారులు మూయుదురు. పసిబిడ్డలతో నున్న యాత్రికులు ఆ రాత్రి పడిన యవస్థ చెప్పనలవి కాదు. పాత్రలో లేని అమృతముకంటె పాత్రలోనున్న మజ్జిగ మేలు. వారమునకొకమారు, బండి చదునైన నేలమీద నిలిపి, చల్లారిన పిదప పుల్లను తుడిచి చూచుట రెండు నిమిషముల పని.

ఈ సందర్భముననే కొన్ని యపోహలను గూర్చి చెప్పెదను. ఖనిజ తైలము పోసిన బండికి సింథటిక్ పోయరాదనియు, పోసిన మరల వెనుకకు రారాదనియు కొందరందురు. అది నిజము కాదు. నేటి ఇంజను చమురులు ఒకదానితో నొకటి కలియునట్లే చేయబడుచున్నవి. దారిలో చమురు తగ్గి, సరియైనది దొరకనప్పుడు, ఎండిన ఇంజనును నడుపుటకంటె దొరకిన ఇంజను చమురును పోసికొనుటయే మేలు. చెట్టులేనిచోట ఆముదపుచెట్టే మహావృక్షము గదా! ఇల్లు చేరిన పిదప అంతయు మార్పించవచ్చును. చమురు నల్లబడిన చెడినదని మరికొందరందురు. డీసెలు బండిలో క్రొత్త చమురు కొద్ది దినములకే నల్లబడును. అది మసిని పట్టి తన పని చేయుచున్నదని గుర్తు. చిక్కగా నున్నదే బలమైనదనుటయు భ్రమయే. పలుచని చమురునకై సన్నని సందులతో కట్టిన క్రొత్త ఇంజనులో చిక్కని చమురు పోసిన, అది చేరవలసిన చోటికి ఆలస్యముగా చేరును; పెట్రోలును ఎక్కువగా త్రాగించును.

కల్తీని గూర్చి హెచ్చరింపక తప్పదు. వెలగల చమురునకే కల్తీ ఎక్కువ. ముద్ర చెదరని డబ్బాను మన యెదుటనే విప్పించవలెను. రసీదు తీసికొనవలెను. పోసిన పిదప ఖాళీ డబ్బాకు చిల్లు పొడిపించవలెను; లేనియెడల అదియే డబ్బాలో వాడిన చమురు చేరి, మరొకని ఇంజనులోనికి పోవును.

తీసిన పాత చమురు మాట యేమి? దానిని మురుగుకాలువలోనో, చెట్టు మొదటనో పారబోయుట మనలో కలదు. మా యూరి కాలువలు చేరునది కృష్ణమ్మనే. ఒక గాలను పాత చమురు పదిలక్షల గాలనుల మంచినీటిని పాడుచేయగలదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. 2016నాటి కేంద్ర నియమములు పాత చమురును ప్రమాదకర వ్యర్థముగా నిర్ణయించినవి. దానిని శుద్ధిచేసి మరల మూలతైలము తీయవచ్చును. కావున పాత చమురును డబ్బాలో పట్టి, తిరిగి తీసికొను మరమ్మతుశాలకు అప్పగింపుడు. ఏ చమురు పోయవలెనను విచారము మన బండికి సంబంధించినది. పాతదాని నెచ్చట పోయవలెనను విచారము ఊరందరి దాహమునకు సంబంధించినది.

సారాంశమిది. మొదట పుస్తకమును చూడుడు. అది విధించిన అంకెయు, బిరుదును తప్పక పాటింపుడు. అది సింథటిక్‌నే విధించిన మారు మాటాడక అదియే పోయింపుడు. రెంటికిని అనుమతి యున్నయెడల, టర్బో గల బండికి, కనుమలలో బరువుతో తిరుగు బండికి, ఏటికి వేలకొలది కిలోమీటరులు నడచు బండికి సింథటిక్ తగును. తక్కువగా తిరుగు పాత బండికి ఖనిజ తైలము సకాలమున మార్చిన చాలును. ఏది పోసినను గడువు దాటనీయకుడు, వారమునకొకమారు పుల్లను చూచుట మానకుడు.